స్టేషన్‌కు రమ్మని ఫోను, రాసింది తీసేయమని ఒత్తిడి: ఏం చేయాలి?

చెరువుకట్ట (కందుకూరు ప్రాంతం)

అందరికీ నమస్కారం. కందుకూరుకు దగ్గరలో ఒక పల్లెలో ఉంటాను. ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. తీరిక దొరికినప్పుడు మా మండల రాజకీయాల గురించి, పంచాయతీ నిధుల గురించి నా బ్లాగులో రాస్తుంటాను. నాకు పార్టీ లేదు. పాత ప్రభుత్వం ఉన్నప్పుడు రోడ్డు పనుల గురించి రాస్తే ఒక పార్టీ మనిషినన్నారు. ఇప్పుడు చెరువు గురించి రాస్తుంటే రెండో పార్టీ మనిషినంటున్నారు.

చెరువు సంగతి ఇది. ఆయకట్టు రైతులు పూడిక మట్టిని పొలాలకు తోలుకోవచ్చని అనుమతి ఇచ్చారు. అది మంచి అనుమతే. పూడిక తీస్తే చెరువులో నీళ్లు ఎక్కువ నిలుస్తాయి, పొలానికి సారం వస్తుంది. కానీ పగలు ఒకటి రెండు ట్రాక్టర్లు మాత్రమే తిరుగుతాయి. రాత్రి భోజనాల వేళ దాటాక పొక్లెయిన్ దిగుతుంది, టిప్పర్లు వరుస కడతాయి. అవి పోయేది హైవే వైపు కొత్తగా వేస్తున్న ప్లాట్లకు. మా చెరువు పూడిక నల్లగా ఉంటుంది, ఆరితే బీటలు వారుతుంది. టిప్పర్ల నుంచి రోడ్డు మీద రాలిపడేది మాత్రం ఎర్రటి గ్రావెల్, చెప్పు కింద కరకరమంటుంది. అంటే పూడిక పొరను ఎప్పుడో దాటిపోయి చెరువు అడుగును తవ్వుతున్నారు. ఒకచోట గుంట తూము మట్టం కన్నా కిందికి పోయింది. అందులో నిలిచిన నీళ్లు ఏ పొలానికీ ఎక్కవు. వానాకాలంలో ఈతకు దిగే పిల్లలకు ఆ గుంట అక్కడ ఉందని కూడా తెలియదు.

నేను రాసింది ఇంతే: అనుమతి కాగితంలో ఏముంది, రోడ్డు మీద పడిన మట్టి ఏ రంగులో ఉంది, టిప్పర్లు ఎటు పోతున్నాయి, ఆ గ్రావెల్‌కు ప్రభుత్వానికి కట్టాల్సిన సీనరేజీ ఎవరు కట్టారు. ఫోటోలు పెట్టాను. ఎవరినీ దొంగ అనలేదు.

మొదట మా బంధువుల్లో పెద్దాయన ఒకరు వచ్చి మా మామయ్యతో చాలాసేపు కూర్చున్నారు. "కోడలు చదువుకున్న పిల్ల, మనకెందుకు ఈ గొడవలు" అన్నారు. మామయ్య ఆయనకు కాఫీ ఇప్పించి పంపించారు, నన్ను ఏమీ అనలేదు. తర్వాత బడి యాజమాన్యానికి ఎవరో ఫోను చేశారు. తర్వాత ఊరి వాట్సాప్ గ్రూపులో నా ముఖాన్ని వేరే ఎవరి ఒంటికో అతికించిన బొమ్మ వచ్చింది. మా అత్తయ్య రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత తెలియని నంబరు నుంచి మా ఇంటి గేటు ఫోటో వచ్చింది. గేటు ముందు నా స్కూటీ ఉంది, హ్యాండిల్‌కు మా పాప బడి సంచి వేలాడుతోంది. కింద "బండి జాగ్రత్త మేడం" అని రాసి ఉంది.

నిన్న స్టేషన్ నుంచి అంటూ ఫోను వచ్చింది. "మీ మీద ఫిర్యాదు ఉంది, ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్లండి, ఫోను కూడా తెచ్చుకోండి. ఆ రాసింది ముందే తీసేస్తే ఇంకా మంచిది" అన్నారు. ఏ ఫిర్యాదు, ఎవరిచ్చారు అని అడిగితే "వస్తే చెబుతాం" అన్నారు.

నేను వెళ్లాల్సిందేనా? ఫోను ఇవ్వాల్సిందేనా? రాసింది తీసేయడం నాకు ఇష్టం లేదు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ బడి సంచి ఫోటో చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఇలాంటివి ఎదుర్కొన్నవాళ్లు ఉంటే చెప్పండి.

ఒంగోలు వకీలు

చెరువుకట్ట గారూ, ముందు ఆ ఫోను సంగతి. ఫోనులో రమ్మంటే అది నోటీసు కాదు. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లో ఉంది. మిమ్మల్ని నిందితురాలిగా పిలవాలంటే దాని 35(3) సెక్షన్ కింద రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో 41ఏ నోటీసు అనేవాళ్లం, అదే ఇది. ఆ నోటీసును వాట్సాప్‌లో పంపినా చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. సాక్షిగా అడగాలనుకుంటే 179వ సెక్షన్ ఉంది. దాని ప్రకారం మహిళను ఆమె ఉంటున్న చోటికే వచ్చి అడగాలి, స్టేషన్‌కు రప్పించకూడదు. మిమ్మల్ని ఏ హోదాలో పిలుస్తున్నారో వాళ్లే కాగితం మీద చెప్పాలి.

కాబట్టి ఈ రోజే ఒక ఉత్తరం రాయండి. ఫలానా తేదీన, ఫలానా సమయంలో, ఫలానా నంబరు నుంచి ఫోను వచ్చింది, ఇలా అన్నారు. నేను విచారణకు పూర్తిగా సహకరిస్తాను. ఫిర్యాదు వివరాలతో చట్టప్రకారం నోటీసు ఇప్పించండి. అంతే, ఇంకో మాట అక్కర్లేదు. స్టేషన్‌కు రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు తిరిగి వచ్చేలా పంపండి. నకలు జిల్లా ఎస్పీకి పంపండి. ఫోను నిజంగా స్టేషన్ నుంచే వచ్చిందో, ఎవరైనా ఆ పేరు వాడుకున్నారో కూడా దాంతో తేలిపోతుంది.

నోటీసు వస్తే మాత్రం తప్పకుండా వెళ్లాలి, చెప్పిన సమయానికి, వకీలును వెంటబెట్టుకుని వెళ్లాలి. నోటీసు ప్రకారం హాజరవుతున్న మనిషిని అరెస్టు చేయాలంటే కారణాలు రాసి పెట్టాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితి ఉంటే మహిళా అధికారి మెజిస్ట్రేటు అనుమతి తీసుకుని చేయాలి. ఈ సంగతి మీ అత్తయ్య గారికి కూడా చెప్పండి, ఆమెకు కొంత ధైర్యం వస్తుంది.

ఫోనును నోటిమాట మీద చేతికివ్వకండి. స్వాధీనం చేసుకోవాలంటే జాబితా రాయాలి, సాక్షుల సంతకాలు ఉండాలి, 105వ సెక్షన్ ప్రకారం ఆ తతంగమంతా వీడియో తీయాలి.

రాసింది తీసేయమనడం గురించి. అభ్యంతరకరమైన సందేశం పేరుతో ఎవరినైనా పట్టుకుపోయే వీలు ఒకప్పుడు ఉండేది, ఐటీ చట్టంలోని 66ఏ. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసిన ఒక అమ్మాయినీ, దాన్ని మెచ్చుకున్న ఆమె స్నేహితురాలినీ అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. అయినా దాని కింద కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి, 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. ఇంకోటి చూడండి. మాట మీద, రాత మీద పెట్టే కేసుల్లో శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు ఉన్నప్పుడు, ఎఫ్ఐఆర్‌కు ముందే ప్రాథమిక విచారణ జరపడం సముచితమని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో చెప్పింది. ఇక పరువు నష్టం అంటారా, అది పోలీసులు తమంతట తాము పట్టుకునే నేరం కాదు. పరువు పోయిందనుకున్న మనిషే మెజిస్ట్రేటు ముందుకు వెళ్లాలి. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టం సెక్షన్ 356, దానిలో మొదటి మినహాయింపే ప్రజాహితం కోసం చెప్పిన నిజం.

మీరు తీసేస్తే జరిగే నష్టం ఇంకోటి ఉంది. అప్పుడు వాళ్లు చూపించే స్క్రీన్‌షాటే మిగులుతుంది. దాన్ని ఎలా కత్తిరించారో ఎవరు చెబుతారు?

ఇప్పుడు మీరు పెట్టాల్సిన ఫిర్యాదు. ఆ అతికించిన బొమ్మ, ఆ గేటు ఫోటో చిన్న విషయాలు కావు. న్యాయ సంహితలో 79 మహిళ గౌరవాన్ని భంగపరచడం, 351 నేరపూరిత బెదిరింపు. బెదిరించినవాడు పేరు దాచుకుంటే 351(4) కింద మరో రెండేళ్ల దాకా అదనపు శిక్ష పడవచ్చు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మెజిస్ట్రేటు ఉన్నారు. సందేశం వచ్చిన ఫోనును ఉన్నది ఉన్నట్టు ఉంచండి. మార్చకండి, పాత సందేశాలు చెరపకండి. ఫోనులోని సాక్ష్యాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) కింద ధ్రువపత్రం కావాలి, దానికి అసలు పరికరం ఉండటం ఎంతో మేలు.

డబ్బు గురించి ఆగకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోను చేస్తే చాలు.

గెలాక్సీ రాయి (చీమకుర్తి)

వకీలు గారు చెప్పినవన్నీ సరైనవే. అయినా నేను వేరే మాట చెబుతాను, కోపగించుకోకండి.

నేను కూడా రాసేవాడిని. క్వారీల దుమ్ము, పేలుళ్లకు ఇళ్లు పగుళ్లివ్వడం, ఊపిరితిత్తులు పోయిన కూలీలు, వీటి మీద రాశాను. నాకు కూడా మంచి మాటలు, తర్వాత చెడ్డ మాటలు, తర్వాత మా తమ్ముడి లారీకి రోజూ తనిఖీలు. ఆపేశాను. తమ్ముడి బతుకు నా రాత కన్నా నాకు ముఖ్యం. ఈ రోజుకీ అదే అంటాను.

2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో ముకేశ్ చంద్రాకర్ అనే కుర్రాడు ఏమయ్యాడో చదివే ఉంటారు. యూట్యూబులో తన ఛానల్ నడుపుకునేవాడు. రోడ్డు పనిలో అవినీతి గురించిన కథనం తర్వాత కనిపించకుండా పోయాడు. కాంట్రాక్టరు ఆవరణలో సెప్టిక్ ట్యాంకులో దొరికాడు, పైన కొత్త సిమెంటు పోసి ఉంది. రోడ్డు పనులు, చెరువు మట్టి, క్వారీలు, ఇవన్నీ చిన్న ఊళ్ల సంగతులే. ఢిల్లీలో మంత్రిని విమర్శించే మనిషికి చుట్టూ కెమెరాలు ఉంటాయి. మన ఊళ్లో మట్టి టిప్పరు గురించి రాసే మనిషికి, ఆ టిప్పరు తోలే మనిషికి మధ్య ఒక వీధి దూరం కూడా ఉండదు.

అమ్మా, మీకు పాప ఉంది. రాయమని గానీ మానమని గానీ చెప్పే హక్కు ఇక్కడ ఎవరికీ లేదు. ఆపేస్తే మిమ్మల్ని పిరికివారని ఎవరైనా అంటే వాళ్లకు నేను సమాధానం చెబుతాను. కొనసాగించేటట్లయితే మాత్రం స్కూటీ నిలిపే చోటు, పాపను బడికి దింపే వేళ మార్చండి. గేటుకు ఒక కెమెరా పెట్టించండి. 112 నంబరు మీ మామయ్య గారికి కూడా నేర్పండి.

పాత విలేకరి (కావలి)

చీమకుర్తి సోదరుడి మాటలో అబద్ధం లేదు. ఆయన చూసింది ఆయన చెప్పారు. నేను చూసింది చెబుతాను.

ఉదయగిరి, కలిగిరి వైపు చాలా కాలం పత్రికలకు వార్తలు రాశాను. బెదిరింపు అనేది ఎప్పుడూ నోటిమాటగానే వస్తుందమ్మా. బంధువు వచ్చి కూర్చుంటాడు, ఫోను మోగుతుంది, బడిలో ఎవరో చెవిలో వేస్తారు. ఏదీ సంతకంతో రాదు. మీకు వచ్చిన వరుస చూడండి, ఒక్కదాని కిందైనా పేరుందా? అదే వాళ్ల బలం, రేపు కాదని చెప్పేయవచ్చు. దాన్ని కాగితం మీదికి లాగితే సగం జోరు తగ్గుతుంది. నన్ను "మాట్లాడాలి, రా" అని పిలిచిన ప్రతి పెద్దమనిషికీ నేను కార్డు రాసేవాడిని: "అయ్యా, తమరు ఫలానా వార్త విషయమై మాట్లాడదలచినట్లు తెలిసింది. తమ అభ్యంతరం రాసి పంపితే యథాతథంగా ప్రచురించగలం." కొందరు రాశారు. రాసినవాళ్ల వివరణ అచ్చు వేయించాను, అందులో సరైన మాటలు కూడా ఉండేవి. చాలామంది రాయలేదు, మళ్లీ పిలవనూ లేదు.

మీరు కూడా ఆ పని చేయండి. నీటి సంఘానికి, జలవనరుల శాఖ డీఈకి, గనుల శాఖకు ప్రశ్నలు రాసి పంపండి. జవాబు వస్తే పెట్టండి. రాకపోతే పలానా రోజు అడిగాం, జవాబు రాలేదని పెట్టండి. మీ రాతలో ఊహ ఎక్కడ ఉందో, చూసింది ఎక్కడ ఉందో విడివిడిగా కనబడాలి. ఎర్ర మట్టి, నల్ల మట్టి గురించి మీరు రాసిన వాక్యం నాకు చాలా నచ్చింది. దాన్ని కాదనాలంటే రోడ్డు కడగాలి తప్ప వేరే దారి లేదు.

రెండో సంగతి, ఒంటరిగా ఉండకండి. సారా ఉద్యమం రోజుల్లో నేను ఆ ఊళ్లలో తిరిగాను. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కథ అక్షరదీపం అనే వయోజన అక్షరాస్యత తరగతుల వాచకంలో పాఠంగా వచ్చింది. రాత్రిపూట లాంతరు వెలుగులో అక్షరాలు కూడబలుక్కుంటూ చదివినవాళ్లు పొద్దున్నే తమ ఊళ్లో దుకాణం ముందు నిలబడ్డారు. సారా కాంట్రాక్టర్లంటే అప్పట్లో జిల్లాలో ఎంత భయమో మీ మామయ్య గారిని అడగండి. ఆ ఆడవాళ్లు ఎప్పుడూ ఒక్కరుగా మాట్లాడలేదు. అధికారి వచ్చి "మీ నాయకురాలు ఎవరు" అంటే అందరూ ఒకేసారి జవాబు చెప్పేవాళ్లు. ఎవరిని పట్టుకుపోవాలో తెలిసేది కాదు. వేలం పాటలు జరగనివ్వలేదు. 1993లో రాష్ట్రమంతటా సారా పోయింది.

మాల్టాలో డాఫ్నీ కరువానా గలిజియా అని ఒకావిడ ఉండేది. తన బ్లాగులో ఒక్కతే దేశాన్ని నడిపేవాళ్ల అవినీతి రాసింది. ఆమె మీద నలభైకి పైగా పరువు నష్టం దావాలు వేశారు. 2017 అక్టోబరు 16న కారులో బాంబు పెట్టి చంపేశారు. ఆ తర్వాత ఏడాది పలు దేశాల పాత్రికేయులు చేతులు కలిపి ఆమె వదిలిన పరిశోధనను ముందుకు తీసుకుపోయి ప్రచురించారు. ఆ చేతులు ఆమె బతికి ఉన్నప్పుడే కలిసి ఉండాల్సిందని నా బాధ. అందుకే అంటున్నాను. మీ చెరువు గురించి మీరొక్కరే రాస్తే ఒక గేటు ఫోటో తీస్తే సరిపోతుంది. ఆయకట్టు రైతులు పదిమంది అదే ప్రశ్న మీద సంతకాలు పెట్టి కలెక్టరుకు అర్జీ ఇస్తే పది గేట్ల ముందు నిలబడాలి. మీ ఊరి పేరు నాకు విడిగా సందేశం పెట్టండి. కావలిలో, నెల్లూరులో రాసే పిల్లలు నాకు తెలుసు. అదే విషయం వాళ్లూ వచ్చి చూసి రాస్తారు.

చెరువుకట్ట

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. జవాబు ఆలస్యమైంది, ఈ మధ్యలో చాలా జరిగింది.

స్టేషన్‌కు ఉత్తరం పంపాను, ఎస్పీ గారికి నకలు పంపాను. రసీదు కార్డు తిరిగి వచ్చింది. ఇప్పటిదాకా నోటీసు రాలేదు, ఆ నంబరు నుంచి ఫోను కూడా మళ్లీ రాలేదు. బొమ్మ గురించి, గేటు ఫోటో గురించి ఫిర్యాదు ఇచ్చాను. మొదట "గ్రూపులో మాటలు పట్టించుకోకండి" అన్నారు. మా అత్తయ్య కూడా వెంట వచ్చారు. ఆమె బెంచీ మీద నుంచి లేచి, "నా కోడలి బొమ్మ అది, నేను పట్టించుకుంటాను, రాసుకోండి" అన్నారు. రాసుకున్నారు. ఎఫ్ఐఆర్ నకలు చేతికి వచ్చింది.

బడిలో మాత్రం ఈ నెలాఖరుకు మానేయమన్నారు. కారణం చెప్పలేదు. ఇది నన్ను చాలా బాధపెట్టింది. పదో తరగతి పిల్లలకు త్రికోణమితి సగంలో ఉంది. ఇంటి దగ్గర ట్యూషన్ పెడతాను, వచ్చేవాళ్లు వస్తారు.

గెలాక్సీ రాయి గారూ, మీ మాట నాకు తప్పుగా తోచలేదు. పాపను ఇప్పుడు మామయ్య దింపుతున్నారు, గేటుకు కెమెరా పెట్టించాం. మా ఆయనా నేనూ ఒక రాత్రంతా మాట్లాడుకుని, రాయడం ఆపకూడదని ఇద్దరం కలిసి నిర్ణయించుకున్నాం. రాసింది అలాగే ఉంది. అర్జీ మీద ఆయకట్టు రైతులు సంతకాలు పెట్టారు, వాళ్లలో నీటి సంఘం సభ్యులు కూడా ఇద్దరు ఉన్నారు.

ఇప్పుడు కొత్త ప్రశ్న. సమాచార హక్కు కింద అడిగిన కాగితాలు కొన్ని వచ్చాయి. ఎం-బుక్ (పనుల కొలతలు రాసే పుస్తకం) పేజీల నకళ్లు ఉన్నాయి. అంకెలు చదవగలను గానీ దేన్ని దేనితో పోల్చాలో తెలియడం లేదు. ఇరిగేషన్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సోమశిల కాలువ (ఆత్మకూరు, విశ్రాంత ఏఈ)

ఉన్నానమ్మా. ఎం-బుక్ ఒక్కటే చాలదు. అందులో తీసిన మట్టి పరిమాణం ఉంటుంది, అది ఏ మట్టాల మీద లెక్కగట్టారో ఉండదు. తవ్వక ముందు తీసిన మట్టాలు, తవ్విన తర్వాత తీసిన మట్టాలు, అడ్డుకోతల (క్రాస్ సెక్షన్ల) పటాలు, తూము గడప మట్టం, ఈ నాలుగూ అడుగుతూ ఇంకో దరఖాస్తు పెట్టండి. ముందు మట్టాలు తీయకుండానే పని మొదలుపెట్టి ఉంటే అది మొదటి తప్పు, ఆ సంగతి వాళ్ల జవాబులోనే బయటపడుతుంది. అనుమతిలో ఎంత లోతు రాశారో చూసి, గుంట అడుగును తూము గడపతో పోల్చండి. గడప కన్నా కిందికి పోతే ఏ ఇంజనీరూ దాన్ని పూడికతీత అని సమర్థించలేడు.

అదే దరఖాస్తులో పనిని స్వయంగా చూడటానికి, మట్టి నమూనా తీసుకోవడానికి కూడా అనుమతి అడగండి. సమాచార హక్కు చట్టం 2(జె)లో ఆ రెండు హక్కులూ ఉన్నాయి, చాలామంది వాడుకోరు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. నమూనా తీసేటప్పుడు అధికారి సంతకం ఉన్న సంచిలో సీలు వేయించండి.

మట్టాలు కొలిచే డంపీ లెవెల్, దానితో వాడే కొలకర్ర (స్టాఫు) నా దగ్గర ఉన్నాయి. అనుమతి రాగానే తేదీ చెప్పండి, నేను వస్తాను. స్టాఫు పట్టుకోవడానికి ఇద్దరు రైతులు, రాసుకోవడానికి మీరు ఉంటే చాలు. పాత విలేకరి గారు కూడా ఆ రోజుకే వస్తే బాగుంటుంది.